చార్జరుకు మారుభాగములు ఎంచుకొను విధము

ఉన్నత పాఠశాలలో పాఠములు చూపుటకు ఉపయోగించు లాప్‌టాప్ ఒకనాటి ఉదయము పనిచేయదు. బ్యాటరీ అడుగంటినది. చార్జరు గోడ సాకెట్టునకు తగిలించియే ఉన్నది గాని, దాని చిన్న దీపము వెలుగుటలేదు. సాయంత్రమునకు ఎవరో ఒకరు ఆ చార్జరును సంచిలో వేసికొని బజారుకు పోవుదురు. దుకాణదారు పెట్టెలో చేయి పెట్టి, మూతి సరిపోవు చార్జరు నొకదానిని తీసి యిచ్చును. "మూతి పట్టినది గదా, ఇంకేమి కావలెను?" అనును. ఆ చార్జరు చక్కగా పనిచేయవచ్చును. పది దినములు పనిచేసి ఆగిపోవచ్చును. లాప్‌టాప్‌నే చెడగొట్టవచ్చును. దాని లోహపు మూతిని ముట్టిన విద్యార్థి ప్రాణమునకే ముప్పు తేవచ్చును. ఈ నాలుగింటిలో ఏది జరుగునో మూతి చెప్పలేదు. చార్జరు చీటిమీదను, లోపలి భాగములమీదను అచ్చువేసిన అంకెలే చెప్పవలెను.

ఆ అంకెలను మూడు తరగతులుగా విభజింపవచ్చును. కొన్ని పాతవానితో సమానముగా ఉండవలెను. కొన్ని సమానముగానైనను, అంతకంటె ఎక్కువగానైనను ఉండవచ్చును; తక్కువ మాత్రము ఉండరాదు. మూడవ తరగతికి చెందిన భాగముల విషయములో అంకె కలిసినంత మాత్రమున చాలదు, వాని జాతి కూడ కలియవలెను. ఏ అంకె ఏ తరగతికి చెందినదో, ఎందువలన చెందినదో తెలిసికొన్నచో, మారు చార్జరును గాని మారుభాగమును గాని ఎంచుకొనుట కష్టము కాదు.

చార్జరు లోపల జరుగు పని

మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. సెకనుకు 50 ఆవర్తనములు దాని పౌనఃపున్యము. 230 అనునది ఒక విధమైన సగటు విలువ. శిఖరమున అది 1.414 రెట్లు, అనగా సుమారు 325 వోల్టులు ఉండును. లాప్‌టాప్‌కు కావలసినదో, 19 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పు చేయుటయే చార్జరు పని.

పూర్వపు చార్జరులలో ఇనుప రేకులు పేర్చిన ట్రాన్సుఫార్మరు ఉండెడిది. అందుచేతనే అవి చేతికి బరువుగా తగిలెడివి. నేటి చార్జరు మరియొక దారి త్రొక్కును. మొదట నాలుగు డయోడులు ఏకాంతర విద్యుత్తును ఒకే దిశకు మళ్లించును. ఒక పెద్ద కెపాసిటరు దానిని నిలువచేసికొనును. ఇప్పుడు చార్జరులో 325 వోల్టులకు దగ్గరగా ఏకముఖ విద్యుత్తు సిద్ధమైనది. ఒక ట్రాన్సిస్టరు దీనిని సెకనుకు అనేక వేల పర్యాయములు తెంచుచు, కలుపుచు ఒక చిన్న ట్రాన్సుఫార్మరు చుట్టలోనికి పంపును. 1831 లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణవలన రెండవ చుట్టలో తక్కువ వోల్టేజి పుట్టును. పౌనఃపున్యము పెరిగినకొలది ట్రాన్సుఫార్మరు చిన్నది కావచ్చును. 65 వాట్ల చార్జరు నేడు అరచేతిలో ఇముడుటకు కారణమిదియే. రెండవ చుట్టనుండి వచ్చినదానిని మరియొక డయోడు ఏకముఖము చేయును, కెపాసిటరులు నునుపు చేయును.

బయటికి పోవు వోల్టేజి 19 కంటె పెరిగినను, తగ్గినను ఆ వార్త తిరిగి ట్రాన్సిస్టరునకు చేరవలెను. ఆ వార్త తీగమీద పోదు. కాంతి రూపమున పోవును. ఆప్టోకప్లరు అను నాలుగు కాళ్ల చిన్న భాగములో ఒక ప్రక్క కాంతినిచ్చు డయోడు, ఎదుట ఆ కాంతిని గ్రహించు ట్రాన్సిస్టరు ఉండును. వాని నడుమ విద్యుత్తు పారు మార్గము లేదు.

ఈ ఏర్పాటు ఎందుకు? చార్జరు రెండు గదుల ఇల్లు వంటిది. మొదటి గదిలో 325 వోల్టులు ఉన్నవి, ముట్టినచో ప్రాణాపాయము. రెండవ గదిలో 19 వోల్టులు ఉన్నవి. మనము ప్రతిదినము ముట్టు మూతి ఆ గదిదే. రెండు గదుల నడుమ ఒక గోడ కలదు. శక్తి ఆ గోడను అయస్కాంత క్షేత్రముగా దాటును, వార్త కాంతిగా దాటును. తీగ మాత్రము నేరుగా దాటరాదు. చార్జరును గూర్చి తెలియవలసిన సంగతులలో ముఖ్యమైనది ఈ గోడయే.

మరియొక సంగతి. చార్జరు అను పేరు వాడుకలో స్థిరపడినది గాని, నిజముగా బ్యాటరీని చార్జి చేయు వలయము లాప్‌టాప్ లోపలనే, ఫోను లోపలనే ఉన్నది. ఒక లిథియము అయాను ఘటము పూర్తిగా నిండినప్పుడు సాధారణముగా 4.2 వోల్టులుండును. మూడు ఘటములను వరుసగా కలిపిన బ్యాటరీకి 12.6 వోల్టులు. దానిని నింపుటకు అంతకంటె ఎక్కువ వోల్టేజి వెలుపలినుండి రావలెను. ఆ 19 వోల్టులను అందించుటయే మన చేతిలోని పెట్టె పని. ఎంత ప్రవాహము తీసికొనవలెనో నిర్ణయించునది లాప్‌టాప్. ఈ మాట ముందు పనికివచ్చును.

లోపము ఎచ్చటనున్నది?

మారుభాగమును వెదకుటకు ముందు చెడిన భాగమేదో తెలియవలెను. వేరొక దీపమును తగిలించి సాకెట్టును మొదట పరీక్షింపవలెను. తరువాత గోడనుండి పెట్టెకు పోవు తీగను చూడవలెను. ఈ తీగ ఊడివచ్చు రకమైనచో మరియొకదానితో మార్చి చూచుట సులభము. పిమ్మట పెట్టెనుండి మూతివరకు పోవు తీగ. చార్జరులలో ఎక్కువగా చెడునది ఇదియే. అదియు నడుమ కాదు. పెట్టెలోనుండి వెలువడుచోటగాని, మూతిలోనికి ప్రవేశించుచోటగాని తెగును. ప్రతిదినము వంగి, చుట్టుకొని, లాగబడుచోటు అదియే కదా. తీగను అచ్చట మెల్లగా కదిపినప్పుడు దీపము వెలిగి ఆరుచున్నచో లోపము దొరికినట్లే.

మల్టీమీటరు ఉన్నచో మూతివద్ద వోల్టేజిని కొలువవచ్చును. 19 వోల్టుల చార్జరు 19 కి దగ్గరగా చూపవలెను. ఇచ్చట రెండు మినహాయింపులు కలవు. ఇనుప ట్రాన్సుఫార్మరుగల పాత అడాప్టరులలో 12 వోల్టులని వ్రాసినది, భారము లేనప్పుడు 16 వోల్టుల వరకు చూపవచ్చును. అది లోపము కాదు. టైప్-సి మూతిగల చార్జరు, ఎదుట పరికరమున్నదని తెలిసికొనువరకు వోల్టేజినే ఈయదు. దానిని ఉత్త మీటరుతో కొలిచి చెడినదని నిశ్చయింపరాదు.

చీటిని చదువుట

లోపము పెట్టెలో ఉన్నదని తేలినచో చాలమంది పెట్టెనంతను మార్చుదురు. అప్పుడు చదువవలసినది దాని అడుగున అంటించిన చీటి. ఒక సాధారణమైన లాప్‌టాప్ చార్జరు చీటిని ఉదాహరణముగా తీసికొందము. ఇన్‌పుట్: 100 నుండి 240 వోల్టులు, 50 నుండి 60 హెర్ట్జులు. ఔట్‌పుట్: 19 వోల్టులు, 3.42 ఆంపియరులు. ఈ రెండిటిని గుణించిన 64.98 వచ్చును. దీనినే 65 వాట్ల చార్జరని బజారులో పిలుతురు.

మొదటి నియమము: ఔట్‌పుట్ వోల్టేజి సమానముగా ఉండవలెను. వోల్టేజి చార్జరు ఇచ్చునది. పరికరము దానిని భరింపవలసినదే. 12 వోల్టుల రౌటరునకు 19 వోల్టుల చార్జరు తగిలించినచో దాని లోపలి భాగములు తమ హద్దును మించిన వోల్టేజికి గురియై చెడిపోవచ్చును. నూటికి ఐదు వంతుల లోపు తేడాను పరికరములు సాధారణముగా ఓర్చుకొనును. కావుననే 19, 19.5 వోల్టుల లాప్‌టాప్ చార్జరుల నడుమ అర వోల్టు తేడా ఇబ్బంది కలిగింపదు.

రెండవ నియమము: ఆంపియరులు సమానముగాగాని, ఎక్కువగాగాని ఉండవలెను. ఇచ్చట విద్యార్థులే గాక పెద్దలును పొరబడుదురు. ఎక్కువ ఆంపియరుల చార్జరు పెట్టినచో ఎక్కువ ప్రవాహము పరికరములోనికి దూకి దానిని కాల్చివేయునని భయపడుదురు. అట్లు జరుగదు. చీటిమీది 3.42 ఆంపియరులు చార్జరు త్రోసివేయు ప్రవాహము కాదు, ఈయగలిగిన గరిష్ఠ ప్రవాహము. మిద్దెమీది తొట్టి ఎంత పెద్దదైనను కుళాయి తిప్పినంతవరకే నీరు వచ్చును. తొట్టి ఎత్తు వోల్టేజి వంటిది, తొట్టి పరిమాణము ఆంపియరుల వంటిది. 65 వాట్లు కోరు లాప్‌టాప్‌నకు అదే 19 వోల్టులలో 4.74 ఆంపియరుల, అనగా 90 వాట్ల చార్జరును నిర్భయముగా పెట్టవచ్చును. 2.37 ఆంపియరుల 45 వాట్ల చార్జరును పెట్టినచో అది తన శక్తికి మించి మోయవలసివచ్చి వేడెక్కును. లేదా తన్ను తాను కాపాడుకొనుటకు ఆగి ఆగి పనిచేయును.

మూడవది ధ్రువత్వము. గుండ్రని మూతిలో లోపలి భాగము ధనమా, ఋణమా అనునది చీటిమీద చిన్న బొమ్మగా ఉండును: నడుమ ఒక చుక్క, దానిచుట్టు ఒకవైపు తెరచిన వలయము, వానినుండి కూడిక, తీసివేత గుర్తులకు గీతలు. చుక్క కూడిక గుర్తువైపు ఉన్నచో మూతి నడుమ భాగము ధనము. ఈ బొమ్మ పాతదానితో సమానముగా ఉండవలెను.

అదే చీటిమీద ఒకదానిలో ఒకటిగా ఉన్న రెండు చతురస్రములు కనిపించినచో ఆ చార్జరునకు రెండు పొరల విద్యుద్బంధకము కలదనియు, ఎర్తు తీగ అక్కరలేదనియు అర్థము. ఆ గుర్తు లేక, మూడు కాళ్ల ప్లగ్గు ఉన్నచో మూడవ కాలు అలంకారమునకు పెట్టినది కాదు. దానిని విరిచి రెండు కాళ్ల సాకెట్టులో దూర్చుట ప్రమాదకరము. మన దేశములో నిర్బంధ నమోదు ఉత్తర్వు ననుసరించి ఇట్టి అడాప్టరులమీద భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు, "ఆర్" అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్యను సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో సరిచూడవచ్చును. గుర్తును ఎవరైనను అచ్చువేయగలరు; సంఖ్యను సరిచూచినప్పుడే దాని విలువ తెలియును.

మూతి

ఇక దుకాణదారు చూచిన మూతి విషయము. గుండ్రని మూతులలో విరివిగా కనిపించునది వెలుపలి వ్యాసము 5.5 మిల్లీమీటరులు గలది. ఇందులో లోపలి రంధ్రము 2.1 మిల్లీమీటరులది ఒకటి, 2.5 మిల్లీమీటరులది ఒకటి. కంటికి రెండును ఒక్కటే. 2.1 రంధ్రము 2.5 సూదిపైకి ఎక్కదు గనుక పొరబాటు వెంటనే తెలియును. 2.5 రంధ్రము 2.1 సూదిపైకి సులభముగా ఎక్కును. కాని వదులుగా ఉండి, కదిలినప్పుడెల్ల తెగుచు, వేడెక్కి, కొంతకాలమునకు సాకెట్టునే చెడగొట్టును. మూతి పట్టినది అనుట వేరు, సరిపోయినది అనుట వేరు.

కొన్ని లాప్‌టాప్‌ల మూతిలో నడుమ సన్నని మూడవ సూది ఉండును. అది శక్తిని మోయదు, చార్జరు ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కు తెలుపును. తీగలో ఆ సన్నని పోగు ఒక్కటి తెగినను లాప్‌టాప్ నడచును గాని బ్యాటరీ నిండదు. అట్టి తీగను మార్చునప్పుడు రెండు పోగుల తీగ చాలదు.

2014 లో వెలువడిన టైప్-సి మూతి ఈ చిక్కులను చాలవరకు తొలగించినది. అందులో చార్జరు, పరికరము మొదట సంభాషించుకొనును. 5 వోల్టులతో ఆరంభించి, పరికరము కోరినచో 9, 15, 20 వోల్టులకు చార్జరు మారును. ఈ పద్ధతిలో 100 వాట్ల వరకు ఉండిన హద్దు 2021 లో 240 వాట్లకు పెంచబడినది. ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుండి కొత్తగా అమ్ము ఫోనులకు ఈ మూతి తప్పనిసరి. లాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు. ఐనను ఇచ్చటను ఒక అంకె కలదు. 3 ఆంపియరులకు మించి ప్రవాహము పోవలెనన్నచో, తీగ కొననున్న చిన్న చిప్పు ఆ తీగ 5 ఆంపియరులను మోయగలదని చెప్పవలెను. చెప్పనిచో చార్జరు అంతకు మించి ఈయదు. కొత్త చార్జరు కొన్నను లాప్‌టాప్ నెమ్మదిగా నిండుచున్నచో ముందు తీగను అనుమానింపవలెను.

తీగ

తెగిన తీగకు మారుతీగ వేయుట మరమ్మతులలో సాధారణమైనది. ఇచ్చట ఓము సూత్రము పాఠమునుండి బజారుకు వచ్చును. రాగి విశిష్ట నిరోధము 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 1.72 × 10⁻⁸ ఓము-మీటరు. తీగ పొడవు 1.8 మీటరులనుకొందము. ప్రవాహము పోయి రావలెను గనుక రాగి పొడవు 3.6 మీటరులు. అడ్డుకోత 0.75 చదరపు మిల్లీమీటరులైనచో నిరోధము 0.083 ఓములు. 3.42 ఆంపియరులు పోవునప్పుడు తీగలోనే 0.28 వోల్టులు తగ్గును. సుమారు 1 వాట్టు వేడిగా మారును. అదే చోట 0.25 చదరపు మిల్లీమీటరుల సన్నని తీగ వేసినచో నిరోధము 0.248 ఓములు, తగ్గుదల 0.85 వోల్టులు, వేడి సుమారు 2.9 వాట్లు. తీగ వేడెక్కును, లాప్‌టాప్‌కు 18.15 వోల్టులే చేరును. కావున తీగ మందము రెండవ తరగతి అంకె: పాతదానికి సమానముగాగాని, ఎక్కువగాగాని ఉండవలెను. పైతొడుగు లావుగా ఉన్నదని మోసపోరాదు. లోపలి రాగిని చూడవలెను.

లోపలి భాగములు

ఇకమీద చెప్పునది పెట్టెను తెరచు శిక్షణ పొందినవారి పని. విద్యార్థులు తెరువరాదు. ప్లగ్గు ఊడదీసిన తరువాతను పెద్ద కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండవచ్చును. 100 మైక్రోఫారడుల కెపాసిటరు 325 వోల్టులవద్ద సుమారు 5.3 జౌళ్ల శక్తిని దాచుకొనును. ఒక కిలోగ్రాము రాయి అర మీటరు పైచిలుకు ఎత్తునుండి పడునప్పటి శక్తి అది. వ్రేళ్లమధ్య అది ఒక్క క్షణములో విడుదలయగుట చిన్న సంగతి కాదు.

ఫ్యూజు మొదటి భాగము. దానిమీద ఆంపియరులు, వోల్టులు, వానికి ముందు ఒక అక్షరము ఉండును. "టి" అనగా మెల్లగా కరగునది, "ఎఫ్" అనగా వెంటనే కరగునది. ప్లగ్గు పెట్టిన క్షణమున ఖాళీ కెపాసిటరు ఒక్క ఉదుటున నిండును గనుక చార్జరులలో తరచు మెల్లని రకము వాడుదురు. ఫ్యూజు ఆంపియరులు ఎక్కువ ఉండవచ్చునను తరగతికి చెందవు. అవి సమానముగానే ఉండవలెను. పెద్ద ఫ్యూజు, లేదా దాని స్థానమున రాగి పోగు, కాపలావానిని పంపివేసి తలుపు తెరచిపెట్టుట వంటిది. ఫ్యూజు కరగినదన్నచో సాధారణముగా దానివెనుక ఒక డయోడుగాని, ట్రాన్సిస్టరుగాని చెడియుండును. కారణమును కనుగొనకుండ ఫ్యూజును మార్చినచో కొత్తదియు కరగును.

డయోడులకు రెండవ నియమము వర్తించును. ఉదాహరణకు 1ఎన్4007 అను సాధారణ డయోడు 1000 వోల్టులను, 1 ఆంపియరును తట్టుకొనును. మొదటి గదిలో దానిస్థానమున 50 వోల్టుల 1ఎన్4001 పెట్టరాదు. ఆకారము ఒక్కటే; మీది చివరి అంకె ఒక్కటే తేడా.

చార్జరులో ముందుగా ముసలిదగునది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు. అందులోని ద్రవము సంవత్సరముల తరబడి వేడికి ఆవిరియగును. ద్రవము తగ్గినకొలది అంతర్నిరోధము పెరుగును. అది పెరిగినకొలది వేడి పెరుగును. వేడి పెరిగినకొలది ద్రవము మరింత త్వరగా పోవును. పైభాగము ఉబ్బియున్నచో దాని కాలము తీరినదని అర్థము. మారు కెపాసిటరులో మైక్రోఫారడులు సమానముగా ఉండవలెను. వోల్టులు సమానము, లేదా ఎక్కువ. అంతర్నిరోధము సమానము, లేదా తక్కువ. డిగ్రీలు సమానము, లేదా ఎక్కువ.

డిగ్రీల అంకెను చాలమంది ఉపేక్షింతురు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గినప్పుడెల్ల ఇట్టి కెపాసిటరు ఆయుర్దాయము సుమారు రెట్టింపగునను లెక్క నిపుణులు వాడుదురు. 105 డిగ్రీలవద్ద 2000 గంటలు పనిచేయునది 95 వద్ద 4000, 85 వద్ద 8000, 75 వద్ద 16000, 65 వద్ద 32000 గంటలు పనిచేయును. అనగా ఎడతెగక వాడినను మూడు సంవత్సరముల ఆరు నెలలకు పైగా. అదే 85 డిగ్రీలవద్ద 2000 గంటల రకము వేసినచో 65 వద్ద 8000 గంటలు, ఒక సంవత్సరము కూడ నిండదు. రెండిటి వెల తేడా స్వల్పము.

గోడను దాటు భాగములు

మూడవ తరగతికి వచ్చితిమి. రెండు గదుల నడుమ గోడను ఆనుకొనియుండు భాగములు మూడు: ట్రాన్సుఫార్మరు, ఆప్టోకప్లరు, సాధారణముగా నీలి రంగులో బిళ్లవలె నుండు ఒక చిన్న కెపాసిటరు. ట్రాన్సుఫార్మరులో చుట్టల నడుమ ప్రత్యేకమైన విద్యుద్బంధక పొరలు ఉండును. చేతితో తిరిగి చుట్టుట తగదు. పి.సి.817 అను సాధారణ ఆప్టోకప్లరు తన రెండు ప్రక్కల నడుమ 5000 వోల్టుల పరీక్షను తట్టుకొనునట్లు చేయబడినది. మారుగా పెట్టునది అంతటిదే కావలెను.

ఆ చిన్న బిళ్లను వై తరగతి కెపాసిటరు అందురు. చార్జరు పుట్టించు రేడియో అలజడిని అణచుటకు అది గోడకు అటునిటు కలుపబడియుండును. అది చెడినప్పుడు తెగిపోవలెనే గాని అతుకుకొనరాదు. అట్లుండునట్లు దానిని చేసి, పరీక్షించి, వై1, వై2 అను గుర్తులు వేయుదురు. సాధారణమైన బిళ్ల కెపాసిటరు చూచుటకు అట్లే ఉండును, అంకె అదే ఉండును. కాని అది అతుకుకొన్న దినమున మొదటి గదిలోని వోల్టేజి మూతికి వచ్చును.

అంకె తప్పుటయు తక్కువ ప్రమాదము కాదు. దానిమీద 222 అని ఉన్నదనుకొందము. 22 ప్రక్కన రెండు సున్నలు, అనగా 2200 పికోఫారడులు. 230 వోల్టులు, 50 హెర్ట్జులవద్ద దానిగుండ పారు ప్రవాహము సుమారు 0.16 మిల్లీఆంపియరు. ఎర్తు లేని సాకెట్టున చార్జరు పెట్టి లాప్‌టాప్ లోహపు అంచును ముట్టినప్పుడు వ్రేళ్లకు తోచు సన్నని జలదరింపునకు ఇదియే కారణము. 222 నకు బదులు 224 వేసినచో, ఒక్క అంకె తేడా, 220000 పికోఫారడులగును. ప్రవాహము నూరు రెట్లు, 16 మిల్లీఆంపియరులగును. సుమారు 10 మిల్లీఆంపియరులకే కండరములు బిగిసి, పట్టుకొన్నదానిని చేయి విడువలేకపోవచ్చును. చార్జరు మాత్రము చక్కగా పనిచేయుచునే ఉండును, పచ్చని దీపము వెలుగుచునే ఉండును. ఈ తరగతి భాగముల ప్రమాదము ఇట్టిది: తప్పు చేసినను పనిలో లోపము కనిపింపదు.

ఎచ్చట వెదకవలెను?

హైదరాబాదులో కోఠివద్ద గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ వీధి, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు, ముంబాయిలో లామింగ్టన్ రోడ్డు ఎలక్ట్రానిక్ భాగములకు పేరుపడిన బజారులు. అచ్చటికి పోవునప్పుడు పాత భాగమును వెంట తీసికొనిపోవుట, దానిమీది అక్షరములన్నిటిని ముందే కాగితముపై వ్రాసికొనుట మంచిది. కాలిపోయిన భాగముమీది అక్షరములు చెరిగియున్నచో, అదే రకము మరియొక పాడైన చార్జరులో చూచి గుర్తింపవచ్చును. కాని పాత చార్జరునుండి ఊడదీసిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరును తిరిగి వాడుట తగదు. దాని ఆయుర్దాయములో ఎంత మిగిలినదో ఎవరు చెప్పగలరు? తయారీదారులవద్దనే విడిభాగములు దొరకు మార్గములను తెలుపుటకు భారత ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరులో "రైట్ టు రిపేర్" అను పోర్టలును ప్రారంభించినది.

ఏది మరమ్మతు చేయవలెను, ఏది మానవలెను అను ప్రశ్నకును ఆ గోడయే సమాధానము. తీగ, మూతి, ఫ్యూజు, రెండవ గదిలోని కెపాసిటరు చెడినచో తెలిసినవారిచేత బాగుచేయించవచ్చును. ట్రాన్సుఫార్మరు కాలినచో, గోడప్రాంతమున బోర్డు నల్లబడినచో, నీరు చొచ్చినచో ఆ చార్జరును వదలి, చీటిమీది అంకెలు కలిసిన కొత్తదానిని కొనుట మేలు. వదలినదానిని చెత్తకుప్పలో వేయక ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారికి ఈయవలెను.

పాఠశాలలో దీనిని ఒక చక్కని అభ్యాసముగా చేయవచ్చును. ప్రతి విద్యార్థి ఇంటిలోని ఒక చార్జరు చీటిని, తెరువకుండ, చూచి వ్రాసికొని రావలెను. వోల్టులను, ఆంపియరులను గుణించి వాట్లు కట్టవలెను. ఏ రెండు చార్జరులు ఒకదానికొకటి మారుగా పనికివచ్చునో, ఏవి పనికిరావో, ఎందువలన రావో చెప్పవలెను. ఓము సూత్రము, ప్రేరణ, కెపాసిటరు పాఠములు అప్పుడు పుస్తకములో మిగిలిపోవు. ఆ తరగతిలో కూర్చున్నవాడు రేపు దుకాణమునకు పోయి, "మూతి పట్టినది గదా" అని చేతికిచ్చిన చార్జరును మొదట తిరగవేసి చీటి చదువును.